పుర్రచేతి మర

మన భాషకి ఎడమ చెయ్యి మీద ఎందుకంత కక్షో నాకు ఈ రోజుకీ అర్థం కాదు. కుడుస్తుంది కాబట్టి కుడి చెయ్యి అన్నారట, బాగానే ఉంది. ఎడమ చేతి వాటం ఉన్నవాడికి మాత్రం పుర్రచెయ్యి అని పేరు పెట్టారు. ఆ మాట వింటే ఎవరికైనా పుర్రె గుర్తుకొస్తుంది గానీ పనిచేసే చెయ్యి గుర్తుకొస్తుందా? నేను పుట్టడమే ఆ చేతివాటంతో పుట్టాను. అన్నం తినేటప్పుడు మా నాయనమ్మ నా ఎడమ చేతిని తువ్వాలుతో నడుముకి కట్టేసేది. బళ్ళో బలపం ఎడమ చేత్తో పట్టుకుంటే వేళ్ళ కణుపుల మీద స్కేలు దెబ్బ పడేది. అలా కట్టీ కొట్టీ నాకు కుడి చేత్తో తినడం, కుడి చేత్తో రాయడం నేర్పారు. ఇప్పటికీ అలాగే తింటాను, అలాగే సంతకం పెడతాను. కానీ బలం పెట్టాల్సిన పని దగ్గర, గురి కుదరాల్సిన పని దగ్గర నా ఎడమ చెయ్యే ముందుకొస్తుంది. సుత్తి పట్టినా అంతే, ఆకురాయి పట్టినా అంతే. దానివల్ల ఎవరికి ఏం నష్టం జరిగిందో ఇంతవరకూ చెప్పినవాళ్ళు లేరు.

తొంభైల నడుమ రాజమండ్రిలో ఐటీఐ ఫిట్టరు కోర్సు పూర్తి చేశాను. అక్కడ మాకు పాఠం చెప్పినాయన మేము చేసిన ముక్కని వెలుతురుకి పెట్టి చూసేవాడు. మూల సరిగ్గా కుదిరిందా, మర సరిగ్గా పడిందా, అంతే. ఏ చేత్తో చేశావని ఒక్కరోజు కూడా అడగలేదు. అందుకే లోకమంతా అలాగే ఉంటుందని అనుకున్నాను.

కోర్సు అయ్యాక మా అమ్మ వాళ్ళ అన్నయ్యతో మాట్లాడింది. ఆయనకి కడియం దగ్గర రోడ్డు మీద వర్క్‌షాపు ఉండేది. పాత లేతు మిషను ఒకటి, డ్రిల్లు మిషను ఒకటి, సాన పట్టే గ్రైండరు, బల్లకి బిగించిన రెండు వైసులు, ఇద్దరు పనివాళ్ళు. చుట్టుపక్కల నర్సరీల వాళ్ళ ఆయిలింజన్లు, నీళ్ళ పంపులు, మందు కొట్టే మిషన్లు అన్నీ అక్కడికే వచ్చేవి. నన్ను అక్కడ చేర్చింది అమ్మ. ఇందులో మావయ్యని ఏకవచనంలోనే రాస్తున్నాను. ఎదుట ఎప్పుడూ మీరు అనే అన్నాను, మర్యాదకి లోటు చెయ్యలేదు. కాగితం మీద మాత్రం ఆయనకి బహువచనం వెయ్యడానికి నా చెయ్యి రావడం లేదు.

చేరిన రోజే ఒక ఇనుప పలకకి కన్నం వేసి మర కొట్టమన్నాడు. పలకని వైసులో బిగించి, కన్నంలో మర కోసే టాపు నిలబెట్టి, పైన పిడి మధ్యలో ఎడమ అరచెయ్యి ఆనించి నొక్కాను. ఇంకా తిప్పనే లేదు.

"ఆగరా," అన్నాడు మావయ్య. "ఏ చెయ్యది?"

"ఎడం చెయ్యండి."

"మొదటి తిప్పు కుడిచేత్తో పడాలి. పుర్రచేత్తో మొదలెడితే మర ఎదురు తిరుగుద్ది."

నవ్వులాటకి అంటున్నాడనుకుని నేనూ నవ్వాను. ఆయన నవ్వలేదు. టాపు పిడి నా చేతిలోంచి తీసుకుని, కళ్ళకద్దుకుని, కుడి అరచెయ్యి ఆనించి తనే మొదటి చుట్టు తిప్పాడు. ఆ షాపులో అది ఆచారమట. ఏ మర కొట్టినా మొదటి తిప్పు కుడిచేత్తో పడాల్సిందేనట.

"పడేది టాపులో ఉన్న మరే కదండీ మావయ్యా," అన్నాను.

"ఐటీఐలో నేర్పింది అక్కడే వదిలెయ్. ఇది నా షాపు."

ఈ పని తెలియనివాళ్ళు ఇందులో ఆయన మాటే నిజమేమో అనుకోవచ్చు. అందుకని మర ఎలా కొడతారో చెప్పి తీరతాను. చదివి మీరే చెప్పండి, ఇందులో చేతివాటం ఎక్కడుందో.

మర అంటే ఏమీ లేదు, కన్నం లోపలి గోడకో, కడ్డీ పైనో ఏటవాలుగా చుట్టూ దిగే సన్నటి గాడి. కన్నంలో గాడి కోసేది టాపు, కడ్డీ మీద కోసేది డై. ముందు కన్నం బోల్టు లావు కన్నా కొంచెం సన్నంగా వెయ్యాలి. మరీ సన్నమైతే టాపు ఇరుక్కుని విరుగుతుంది, వదులైతే గాడికి లోతు రాక బోల్టు జారిపోతుంది. కన్నం మూతి దగ్గర పదును తీసెయ్యాలి. టాపు నిటారుగా నిలబెట్టి మూలమట్టంతో ముందునుంచి ఒకసారి, పక్కనుంచి ఒకసారి చూసుకోవాలి. మొదట్లో వంకర పోయిందంటే చివరిదాకా వంకరే. అరచేత్తో నొక్కుతూ మొదటి చుట్లు తిప్పితే టాపు ఇనుముని పట్టుకుంటుంది. ఆ తరవాత నొక్కక్కర్లేదు, అదే దిగుతుంది. పిడిని రెండు చేతులతో రెండు కొసలా పట్టుకుని సమానంగా తిప్పాలి. నూనె బొట్లు వేస్తుండాలి. మా వైపు కొబ్బరినూనెకి కరువా, అదే వేసేవాళ్ళం. షాపంతా తలంటుకున్న ఇల్లులా వాసనొచ్చేది. సగం చుట్టు ముందుకి తిప్పి, పావు చుట్టు వెనక్కి తిప్పాలి. వెనక్కి తిప్పినప్పుడు లోపల ఇనుప రజను తెగి, చేతికి చిన్నగా టిక్కుమని తెలుస్తుంది. అది తెలిశాకే మళ్ళీ ముందుకి. ఆశపడి ఒకేసారి దించితే టాపు లోపలే విరుగుతుంది. విరిగిన టాపుని బయటికి తియ్యడం కన్నా ఆ పలకని పారేసి కొత్తది చేసుకోవడం నయం.

డై పనీ ఇంతే. కడ్డీ కొసని కొంచెం కోసుగా ఆకురాయి పట్టి, డై నోరు వెడల్పుగా ఉన్న వైపు ఆనించి, రెండు చేతులూ పిడి మీద వేసి తిప్పడం. గాడి కుడికి ఎక్కుతుందా ఎడమకి ఎక్కుతుందా అన్నది ఆ టాపుకీ డైకీ పళ్ళు కోసినప్పుడే తేలిపోయింది. కుడి మర టాపుని ఎదురు తిప్పితే ఎడమ మర పడదు, అసలు దిగనే దిగదు. పిడికి రెండు కొసలు ఉన్నాయంటేనే రెండు చేతులూ కావాలని కదా అర్థం. దీనికి ఎడమ చెయ్యి ఏం చేస్తుంది, కుడి చెయ్యి ఏం చేస్తుంది?

ఇదంతా మావయ్యకి చెప్పాను. ఒకసారి కాదు. చెప్పినప్పుడల్లా ఆయన విన్నట్టే తలూపి, మర పని వచ్చినప్పుడు పక్కవాణ్ణి పిలిచేవాడు. నాకు అక్కడ కావలసింది ఒకటే, మర నా చేత్తో కొట్టడం. ఫిట్టరు పని నేర్చుకున్నవాడు టాపు ముట్టుకోకపోతే వాడు ఫిట్టరేంటి? కానీ చలికాలం పోయి ఎండలు ముదిరేదాకా నా చేత అంచులు నున్న చేయించారు, తుప్పు గీయించారు, బల్లమీది రజను ఊడిపించారు. పక్కవాడు మర కొడుతుంటే కొబ్బరినూనె బొట్లు వేసే పని మాత్రం నాదే. దానికి నా ఎడమ చెయ్యి పనికొచ్చింది. నూనెకి చేతివాటం అంటదు కాబోలు.

అమ్మకి చెప్పుకున్నాను. "పెద్దవాడు, ఏదో పట్టింపురా. కుడిచేత్తో మొదలెడితే నీకేం పోయింది," అంది. అదే నాకు మండింది. కుడిచేత్తో మొదలెడతానని నేను చెప్పాను కూడా. మావయ్య ఒప్పుకుంటే కదా. వాటం చేతిలో ఉండదు, ఒంట్లో ఉంటుందన్నాడు.

ఆ ఎండాకాలంలోనే ఒక నర్సరీ రైతు పంపు తెచ్చాడు. ఇంజనుకి బిగించి కాలవ నీళ్ళు తోడే పంపు అది. లోపల నీళ్ళు తోసే చక్రం ఒక షాఫ్టు కొసకి నట్టుతో బిగించి ఉంటుంది. షాఫ్టు అరిగిపోయింది, కొత్తది చెయ్యాలి. మొక్కలకి తడి అందడం లేదని ఆయన తొందరపెడుతున్నాడు. ఆ పూట మావయ్య నన్ను బేరింగు తెమ్మని రాజమండ్రి పంపించాడు. నేను బస్సెక్కి వెళ్ళి వచ్చేసరికి పాత నట్టు ఊడదీశారు. కొత్త షాఫ్టు లేతు మీద తిప్పి, కొసకి మావయ్యే స్వయంగా డైతో మర కోసి, దానికి సరిపడే కొత్త నట్టు తీసి పెట్టాడు. ఆచారం ప్రకారం మొదటి తిప్పు కుడిచేత్తోనే. నేను రాగానే, "బ్రష్షుతో రజను దులిపి నూనె రాయరా," అన్నాడు. దులిపాను, రాశాను. ఆ షాఫ్టుతో నాకున్న సంబంధం అంతవరకే.

మర్నాడు పొద్దున్నే రైతు పంపు మళ్ళీ మోసుకొచ్చాడు. "ఏంటండీ ఇది, ఇంజను అందుకోగానే లోపల నట్టు ఊడిపోయి గడగడమంటంది," అన్నాడు.

మావయ్య నట్టు కింద స్ప్రింగు వాషరు వేసి, తన బలం కొద్దీ బిగించి పంపాడు. సాయంత్రానికి పంపు తిరిగొచ్చింది. నట్టు మళ్ళీ ఊడింది.

అప్పుడు మావయ్య షాపు మధ్యలో నిలబడి, "ఈ షాఫ్టు ఎవరెవరు ముట్టుకున్నార్రా?" అని అడిగాడు. పనివాళ్ళలో ఒకడు నా వైపు చూశాడు. "తను బ్రష్షు కొట్టాడండి," అన్నాడు.

"అదీ సంగతి," అని మావయ్య రైతు వైపు తిరిగాడు. "మా మేనల్లుడండీ. పుర్రచెయ్యి. మర మీద ఆ చెయ్యి పడింది, ఎదురు తిరుగుతోంది. మళ్ళీ కొత్తది చేసి ఇస్తాన్లెండి."

అలా అన్నందుకన్నా, ఆ రైతు నమ్మినందుకు నాకు తల కొట్టేసినట్టయింది. అంత పెద్ద నర్సరీ నడిపే మనిషి, లారీలకి లారీలు మొక్కలు పంపించే మనిషి, నా మొహం వైపు కాదు, నా ఎడమ చేతి వైపు చూసి, "ఆయ్, అలాగా అండి," అన్నాడు. బ్రష్షు కొడితే మర దిశ మారుతుందా అని ఒక్కడైనా అడగలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడిస్తే అదీ పుర్రచేతికే కడతారని చీపురు తీసుకుని మూలకి పోయాను.

ఊడుస్తుంటే తుక్కు ఇనుము డబ్బా పక్కన ఉలితో రెండుగా చీల్చిన నట్టు కనిపించింది. అది పాత పంపు నట్టు. తుప్పు పట్టి ఊడకపోతే చీల్చారన్నమాట. సగం ముక్క చేతిలోకి తీసుకుని లోపలి గాళ్ళు చూశాను. ఏటవాలు తేడాగా ఉంది. బల్ల మీద మామూలు బోల్టు ఒకటి తీసుకుని ఆ సగం నట్టులో పడుకోబెట్టాను. గాళ్ళు ఒకదానిలో ఒకటి కూర్చోలేదు, అడ్డంగా దాటుకుంటున్నాయి. అది ఎడమ మర నట్టు, మామూలు నట్టుని విప్పే వైపుకి తిప్పితే బిగుసుకునేది.

అప్పుడు అంతా తెలిసిపోయింది. ఆ పంపు చక్రం తిరిగే వైపుకి మామూలు మర నట్టు దానంతటదే విప్పుకుంటుంది. అందుకని చేసినవాళ్ళు ఎడమ మర పెట్టారు, తిరిగే కొద్దీ బిగుసుకుంటుందని. ఇక్కడ వీళ్ళు ఆ నట్టుని మామూలు నట్టులా విప్పబోయారు. విప్పే కొద్దీ అది బిగిసింది. ఊడి చావదేమని ఉలి పెట్టి చీల్చారు. చీల్చిన నట్టులో గాడి ఎటుందో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. నా చెయ్యి ఎటుందో చూడ్డానికి మాత్రం అందరికీ తీరికే.

నట్టు ముక్క, బోల్టు తీసుకెళ్ళి మావయ్య ముందు పెట్టాను. "మావయ్యా, మర ఎదురు తిరగలేదండి. మీరు కోసింది మామూలు కుడి మరే. దీనికి కావాల్సింది ఎడం మర."

"పాత ఇనుము, వంకర పోయుంటాది," అన్నాడు.

"అయితే మన గ్రైండరు ఎడం పక్క చక్రం నట్టు ఎటు తిప్పి విప్పుతారండి?"

మావయ్య గ్రైండరు వైపు చూశాడు. ఆ నట్టుని ఆయన ఏళ్ళ తరబడి ఎదురు తిప్పే విప్పుతున్నాడు. ఎందుకలా అని ఎన్నడూ అనుకోలేదు.

"అది కంపెనీవాడు అలా ఇచ్చాడు," అన్నాడు.

"ఈ పంపూ కంపెనీవాడు అలాగే ఇచ్చాడండి."

రైతు అక్కడే ఉన్నాడు. బోల్టుని నట్టు ముక్కలో పెట్టి తనూ చూశాడు. "కుర్రోడు చెప్పేది నిజంలాగే ఉందండి మేస్త్రీ గారూ," అన్నాడు. మావయ్యకి తప్పలేదు. షాపులో ఎడమ మర సామాను ఒక్కటీ లేదు. అపశకునమని ఆయన కొననే లేదట. రాజమండ్రి మనిషిని పంపి ఎడమ మర డై, దానికి జత టాపులు తెప్పించాడు.

అవి వచ్చాక పొట్లం విప్పను కూడా విప్పకుండా నా ముందుకి తోశాడు. "ఎడం మర కదా, నువ్వే కొట్టు. నీ చేతికైతే సరిపోద్ది."

అన్ని నెలలూ నేను అడిగింది అదే, టాపు నా చేతికివ్వమని. ఇచ్చాడు, ఈ కారణానికి ఇచ్చాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సరే అని, లేతు మీద మళ్ళీ తిప్పి ఉంచిన కొత్త షాఫ్టుని వైసులో బిగించి, ఎడమ చేతిని వెనక నడుముకి ఆనించి పెట్టుకున్నాను. అందరూ చూస్తుండగా కుడి అరచెయ్యి డై మీద నొక్కి, మొదటి తిప్పు కుడిచేత్తో తిప్పాను. రెండోదీ కుడిచేత్తోనే. డై పట్టుకున్నాక రెండు చేతులూ వేసి, సగం ముందుకి, పావు వెనక్కి, నూనె బొట్టు వేసుకుంటూ చివరిదాకా కోశాను. ఎవరూ నూనె వెయ్యడానికి ముందుకి రాలేదు. నట్టు కూడా టాపుతో నేనే కొట్టాను. షాఫ్టుకి ఎక్కించి ఎదురు తిప్పితే ఆడుకుంటూ ఎక్కింది. ఆ కోపంలో కూడా ఆ ముక్కని చూసి నాకు ముచ్చటేసింది.

"చూశారు కదండీ, మొదటి తిప్పు కుడిచేత్తోనే వేశాను. ఎడం మరే పడింది," అన్నాను.

మావయ్య నట్టు తిప్పి చూసి, తృప్తిగా తలూపాడు. "మరి పడదా. ఏ చేత్తో పట్టుకుంటే ఏంటి, వాటం నీదేగా."

ఇక నేనేం చెప్పను? కుడిచేత్తో కొడితే ఆయన మాటే నిజం, ఎడమ చేత్తో కొడితే ఆయన మాటే నిజం. గోడకైనా చెప్పుకుంటే తిరిగి మాట్లాడకుండా ఉంటుంది.

మర్నాడు నన్ను మోపెడ్ వెనక ఎక్కించుకుని మావయ్య నర్సరీకి వచ్చాడు. పంపు బిగించి ఇంజను తిప్పారు. నట్టు కదల్లేదు. గొట్టంలోంచి నీళ్ళు వచ్చి బోదెల్లో పడ్డాయి, ఎండకి వాడిన గులాబీ మొక్కల వరసల్లోకి పారాయి. రైతు కాసేపు నిలబడి చూశాడు. నా దగ్గరికొచ్చి, ఈసారి మొహం వైపే చూశాడు. "మీవాడి చెయ్యి మంచిదండి," అన్నాడు మావయ్యతో.

"మంచిది కాదండీ, దీనికి సరిపోయింది," అన్నాడు మావయ్య.

వెనక్కి వచ్చేటప్పుడు కాలవ గట్టు మీద అడిగాను. "రేపట్నుంచి మామూలు మర పని కూడా నాకివ్వండి మావయ్యా."

"తొందరేంటి. ఎడం మర వచ్చినప్పుడు నీకే ఇస్తాగా."

"అది ఎప్పుడొస్తుందండి?"

"ఏడాదికి ఒకటో రెండో వస్తాయి. ఈలోగా ఊడ్చే పని ఉండనే ఉంది."

బండి ఆపమన్నాను. ఆపాడు. దిగాను.

"ఎక్కడికిరా?" అన్నాడు.

"ఇంటికండి," అన్నాను. "ఎడం మర వచ్చినప్పుడు కబురు చెయ్యండి."